దక్షిణ ముఖ లిపి

ఇమ్మిడిశెట్టి చెంచురామయ్య మనుషుల్ని సరుకు లెక్కన చూసేవాడు. అందులో వాళ్లకు అవమానమేమీ లేదు. సరుకును ఆయన చాలా మర్యాదగా చూసేవాడు. పగిలే సరుకు, పగలని సరుకు, పండగకి మాత్రమే కదిలే సరుకు, ఎన్నేళ్లయినా కదలని సరుకు అని ఆయన దగ్గర నాలుగు రకాలుండేవి. ఎవరు ఎదురుపడినా కాసేపట్లో ఏదో ఒక అరలో సర్దేసి ఊపిరి పీల్చుకునేవాడు.

గుమ్మళ్లపేట పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనర్ విద్యాధర ప్రసాద్‌ను మాత్రం సర్దడానికి మూడు నెలలు పట్టింది. చివరికి ఆయన కోసం ఐదో అర కొట్టించాల్సి వచ్చింది. కమిషనర్ తాళంచెవి బొమ్మ. ఒకసారి తిప్పి నేలమీద వదిలితే గోడ తగిలేదాకా పోతూనే ఉంటుంది. గోడ తగిలాక కూడా కాళ్లాడిస్తూనే ఉంటుంది.

ఆ తాళంచెవి చైనాలో తిప్పారు. మురుగునీటి పారుదల అధ్యయనం చేసి రమ్మని ప్రభుత్వం ఆయన్ను తొమ్మిది రోజులు అక్కడికి పంపింది. ఆయన మురుగు సంగతి అక్కడే వదిలేసి అక్షరాల సంగతి పట్టుకొచ్చాడు. అక్కడి వీధుల్లో దుకాణాల మీద కుంచెతో గీసినట్టున్న బోర్డులు చూసి ఆయనకు కళ్లు చెమర్చాయట. తిరిగొచ్చిన వారానికి ఉత్తర్వు వచ్చింది.

“పట్టణ దృశ్య సౌష్ఠవమును అంతర్జాతీయ ప్రమాణములకు ఉన్నతీకరించు నిమిత్తము, చైనా సంస్కృతి మరియు ప్రకృతి స్ఫూర్తిగా ఒక అలంకార తెలుగు లిపిని రూపొందించి, పురపాలక దుకాణ సముదాయమునందలి బోర్డులన్నియు మార్చి ముప్పది ఒకటవ తేదీలోగా సదరు లిపిలోనికి మార్చవలెను. మార్చని దుకాణముల లీజు పునరుద్ధరింపబడదు.”

చెంచురామయ్య మొదటి వాక్యం వదిలేసి రెండోదాన్ని రెండుసార్లు చదివాడు. బస్టాండుకు ఎదురుగా, దక్షిణ ముఖంగా ఉన్న పదకొండు దుకాణాల వరసలో ఏడో నంబరు ఆయనది. శ్రీ పెంచలస్వామి ఫ్యాన్సీ అండ్ గిఫ్ట్ సెంటర్. ఇరవై ఏడేళ్లుగా అక్కడే ఉన్నాడు. లీజు కూడా సరిగ్గా మార్చి ముప్పై ఒకటికే ముగుస్తుంది. లీజు పోతే మిగిలేదేమిటని మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక భార్య, ఒక మోకాలి నొప్పి, వెనక గోడౌన్లో నాలుగు వేల నవ్వే బుద్ధుడి బొమ్మలు. మూడింటినీ పెట్టుకోడానికి ఇంట్లో చోటు లేదు.

పక్కన ఎనిమిదో నంబరులో వాచీలు బాగుచేసే ఖాదర్ బాషా కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే వచ్చాడు.

“ఏంది శెట్టిగారూ ఇది? బోర్డు మార్చకపోతే ఖాళీ చేయమంటుండారంట?”

“మారుద్దాంలే బాషా. అక్షరాలే గదా.”

“మీకేం. మిమ్మల్ని ఆ కమిటీలో ఏసుకున్నారంట గదా.”

వేసుకున్న మాట నిజం. సరుకు కోసం నాలుగుసార్లు చైనా వెళ్లొచ్చినవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే. వెళ్లిన నాలుగుసార్లూ టోకు బజారు, హోటలు గది, ఇంటి నుంచి పట్టుకుపోయిన గోంగూర పచ్చడి తప్ప ఆయన ఇంకేమీ చూడలేదు. అయినా అలంకార అక్షర రూపకల్పన సంఘంలో ఆయన పేరు ఎదురుగా ‘చైనా సంస్కృతీ నిపుణులు’ అని టైపు చేశారు. కాదందామనుకున్నాడు. కానీ లీజు ఫైలు కూడా ఆ కమిషనర్ బల్లమీదే ఉంది. నిపుణుడు కావడంలో నష్టమేమీ కనిపించలేదు.

మొదటి సమావేశానికి హైదరాబాదు నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. అక్షరాలు గీయడమే ఆమె వృత్తి. బల్లమీద కాగితాలు పరిచింది. చెంచురామయ్యకు కళ గురించి తెలియదు కానీ, చేతిలో పట్టగానే నాణ్యత తెలుస్తుంది. ఆ అక్షరాలు పగిలే సరుకు. చాలా మంచి సరుకు. ప్రతి తలకట్టూ వెదురు కొమ్మ మీద అప్పుడే విచ్చుకున్న రెండు ఆకుల్లా ఉంది. సున్నలు తామరాకు మీది నీటిబొట్లు. కొమ్ములు మెడ వంచిన కొంగలు. అక్షరాల కింద ఒత్తులు నీళ్లలో ఈదుతున్న చేపపిల్లలు. ఇంత చేసినా, చదవబోతే తెలుగు తెలుగులాగే ఉంది.

“ఎన్నాళ్లు పట్టిందమ్మా?” అని అడిగాడు.

“పద్నాలుగు నెలలు అంకుల్. వేరే పోటీ కోసం మొదలుపెట్టాను. వెదురాకు ఒక్కటే నూట అరవైసార్లు గీశాను.”

కమిషనర్ లేచి నిలబడ్డాడు. కూర్చుని మాట్లాడితే తన ఆలోచనలకు పొడుగు సరిపోదని ఆయన నమ్మకం.

“మిత్రులారా! ఇది బోర్డుల మార్పు కాదు. ఇది ఒక నాగరికత మరొక నాగరికతకు చేస్తున్న నమస్కారం. మార్చి ఇరవయ్యో తేదీన అక్కడి ప్రతినిధి బృందం మన పట్టణానికి విచ్చేస్తోంది. వారు ఈ అక్షరాలను చూసినప్పుడు తమ ఇంట్లోనే ఉన్నట్టు భావించాలి. సమగ్ర దృక్పథంతో చర్చించండి. చెంచురామయ్య గారూ, మీరు ఆ సంస్కృతిని దగ్గరగా చూసినవారు. వస్తువుల విషయంలో చైనావారు అన్నింటికంటే దేనికి ప్రాధాన్యమిస్తారు?”

మధ్యాహ్నం ఒంటిగంట. దుకాణం వదిలి రెండు గంటలైంది. ఏదో ఒకటి చెప్పి బయటపడదామని చెంచురామయ్య తన కొట్లో బేరగాళ్లు అడిగే ప్రశ్నలు గుర్తుచేసుకున్నాడు.

“దిక్కుకి సార్. ఏ బొమ్మయినా దిక్కు చూసి పెడతారు. మూడు కాళ్ల కప్ప ఇటు తిరగాలంటారు, గాలికి మోగే గంటలు అటు కట్టాలంటారు. దిక్కు తప్పితే బొమ్మ మంచిదైనా ఉపయోగం లేదంటారు.”

కమిషనర్ హిమజ వైపు తిరిగాడు.

“మీరు దిక్కులు పాటించారా అమ్మా?”

“అక్షరాలకు దిక్కులేమిటి సార్?”

“అదే అడుగుతున్నాను. పాటించలేదన్నమాట.”

అలా రెండో సమావేశానికి వాస్తు సిద్ధాంతి ఆదిశేషయ్య గారు వచ్చారు. గుమ్మళ్లపేటలో ఆయన మాట మీద కూలిన గోడలన్నీ కలిపి కడితే ఇంకో గుమ్మళ్లపేట లేస్తుంది. కమిషనర్ ఆయన్ను పరిచయం చేస్తూ, చైనావారి దిక్కుల శాస్త్రమూ మన వాస్తూ ఒకే తల్లి బిడ్డలనీ, అందువల్ల మన శాస్త్రం పాటిస్తే వాళ్లదీ పాటించినట్టేననీ సెలవిచ్చాడు. సిద్ధాంతి సంచిలోంచి దిక్సూచి తీసి ‘క’ అక్షరం నడిబొడ్డున పెట్టారు. ముల్లు ఊగి ఊగి ఆగింది.

“అయ్యో!” అన్నారు.

“ఏమైంది?” అన్నాడు కమిషనర్, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు.

“తలకట్టు ఈశాన్యంలో ఉంది. ఈశాన్యంలో బరువు! పల్లంగా, ఖాళీగా, నీళ్లుండాల్సిన చోట ఏకంగా వెదురు నాటారు. ఇటువంటి ఇంట్లో ఉన్నవాళ్లు వృద్ధిలోకి రారు.”

“ఇది ఇల్లు కాదండీ, ‘క’,” అంది హిమజ.

“నాలుగు మూలలున్నదల్లా ఇల్లేనమ్మా.”

“ఆకుకు బరువేమిటండీ?”

“ఆకు ఎంత చిన్నదైనా మూల మూలే.”

పట్టణ ప్రణాళిక అధికారిణి సుధారాణి అంతవరకు ఫోన్లో ఏదో చూసుకుంటోంది. ఇల్లు అనే మాట వినగానే కళ్లద్దాలు పెట్టుకుంది. అక్షరం గనుక ఇల్లే అయితే అది తన పరిధిలోకి వస్తుందని స్పష్టం చేసింది. ఒక్కో కాగితమూ దగ్గరకు లాక్కుని ఎర్ర సిరాతో రాయడం మొదలుపెట్టింది.

“అక్షరానికీ అక్షరానికీ మధ్య వదలాల్సినంత ఖాళీ వదల్లేదు. ఫైరింజను తిరగడానికి లేదు. ఈ ఒత్తులు కట్టడం కింద ఉన్నాయి కాబట్టి సెల్లారు కింద లెక్క. సెల్లారుకు విడిగా అనుమతి కావాలి. పైగా సెల్లార్లో చేపలున్నాయి. అంటే నీళ్లు నిలుస్తున్నాయి. ఇది తీవ్రమైన ఉల్లంఘన.”

“‘స్త్ర’కి రెండు ఒత్తులుంటాయి మేడమ్,” అంది హిమజ నీరసంగా.

“రెండు సెల్లార్లా? ఈ పట్టణంలో ఆసుపత్రికి కూడా ఇవ్వలేదు.”

సిద్ధాంతి ఈలోపు ఇంకో దోషం కనిపెట్టారు. మాటగా పేర్చినప్పుడు ముందు అక్షరం తలకట్టు కొస పక్క అక్షరం గుండెలోకి సూటిగా పొడుచుకుంటోంది. వీధిపోటు. “అందుకే చూడండి, మాటల్లో ఎప్పుడూ రెండో అక్షరమే నలుగుతూ ఉంటుంది,” అన్నారు. కమిషనర్ దాన్ని రాసుకున్నాడు.

చెంచురామయ్య గోడ మీద కేలండరు చూశాడు. మార్చి ముప్పై ఒకటికి యాభై రెండు రోజులుంది. అక్షరాలు తేలకపోతే బోర్డు లేదు, బోర్డు లేకపోతే లీజు లేదు. పెట్టె అరలో పట్టకపోతే తిప్పి చూడటం ఆయనకు అలవాటు. ‘క’ ఉన్న కాగితాన్ని బల్లమీదే అడ్డంగా తిప్పాడు. మళ్లీ తిప్పాడు. తలకట్టు తలకిందులుగా వచ్చి కమిషనర్ చేతిపక్కన ఆగింది.

“సిద్ధాంతిగారూ, ఇట్టా తిప్పితే బరువు నైరుతిలోకి వచ్చేసింది గదయ్యా. దోషం పోయినట్టే గదా?”

సిద్ధాంతి ముల్లు చూశారు. ముఖం వెలిగింది.

“పోయింది! నైరుతిలో బరువు మహా శ్రేష్ఠం!”

చెంచురామయ్య గెలిచాననుకున్నాడు. నోరు తెరిచి నష్టపోయిన సందర్భాలు ఆయన జీవితంలో రెండే రెండు. రెండూ ఆ గదిలోనే జరిగాయి.

ఎందుకంటే సుధారాణి వెంటనే అడిగింది: కాగితం తిప్పితే దిక్కు మారుతున్నప్పుడు, బోర్డు ఏ వైపు తిరిగి ఉందన్నది కూడా లెక్కలోకి రావాలి కదా? కమిషనర్ బల్లమీద చరిచాడు. ఇంతటి మౌలికమైన విషయం చైనావారికి కూడా తట్టి ఉండదన్నాడు. లెక్క మొదలైంది.

ఉత్తరం వైపు తిరిగిన దుకాణం బోర్డును చూసేవాడు దక్షిణానికి తిరిగి నిలబడతాడు. అతని కుడిచేతి పక్క పడమర. కాబట్టి తలకట్టు నైరుతిలో పడుతుంది. బ్రహ్మాండం, ఉన్నది ఉన్నట్టే ఉంచవచ్చన్నారు సిద్ధాంతి. తూర్పు ముఖానికి తలకట్టు వాయవ్యంలో పడుతుంది. అది గాలి మూల కనుక ఆకు బదులు ఎగిరే కొంగను పెట్టమన్నారు. పడమటి ముఖానికి ఆగ్నేయంలో పడుతుంది. అది నిప్పు మూల, ఎర్ర లాంతరు పెట్టమన్నారు. ఇక దక్షిణ ముఖం. దాన్ని చూసేవాడు ఉత్తరానికి తిరుగుతాడు. కుడిచేతి పక్క తూర్పు. తలకట్టు మళ్లీ ఈశాన్యంలోనే.

“దీనికేం చేయాలి?” అన్నాడు చెంచురామయ్య. ఆయన కొట్టున్నది ఆ వరసలోనే.

“తలకట్టు తీసేసి ఆ చోట గుంట తవ్వాలి.”

“అక్షరంలో గుంట ఎలా తవ్వుతానండీ?” హిమజ గొంతు పెరిగింది.

“అది మీ శాస్త్రం అమ్మా. గుంట ఎక్కడుండాలో చెప్పడం వరకే మా శాస్త్రం.”

“తలకట్టు తీసేస్తే అది తెలుగు కాదండీ!”

కమిషనర్ చేయెత్తి శాంతింపజేశాడు. “ఆవేశపడకండి. తెలుగుకు నష్టం జరగనివ్వం. ఉత్తర, తూర్పు, పడమటి రూపాలను తక్షణం ఆమోదిస్తున్నాం. దక్షిణ ముఖ రూపం సమగ్ర పరిశీలనలో ఉంచబడుతుంది.”

హిమజ కాగితాలు చుట్టుకుంది. మెట్ల దగ్గర చెంచురామయ్యతో, “అంకుల్, వాళ్లు నా అక్షరాల్ని పడగొట్టే ముందు నోటీసు కూడా ఇవ్వలేదు,” అంది. దిక్కు అనే మాట ఎవరి నోటి నుంచి మొదలైందో ఆయనకు గుర్తుంది.

ఫిబ్రవరి నెలాఖరుకు మూడు వరసలకూ బోర్డులెక్కాయి. తూర్పు వరసలో బట్టల కొట్లు, మందుల షాపూ కొంగల గుంపు వాలిన చెరువుల్లా ఉన్నాయి. పడమటి వరసలో లాంతర్లు ఎక్కువై ప్రతి కొట్టూ తగలబడుతున్నట్టు కనిపించింది. ఒకాయన నిజంగానే రెండు బకెట్లు నీళ్లు తెచ్చాడు. హిమజ గీసిన వెదురాకులు చెక్కుచెదరకుండా మిగిలింది ఉత్తరం వరసలో. అది చెత్తకుండీ వైపు. అటు మనుషులు ముక్కు మూసుకుని కళ్లు దించుకుని పోతారు.

దక్షిణ వరసలో పదకొండు దుకాణాలు పాత బోర్డులు దించేసి బోసిగా ఉన్నాయి. మార్చి మొదటివారంలో సుధారాణి తనిఖీకి వచ్చింది.

“బోర్డు ఏది?”

“అక్షరాలు మీరియ్యలేదు గదా మేడమ్,” అన్నాడు చెంచురామయ్య.

“అక్షరాలివ్వడం సంఘం పని. బోర్డు లేదని రాయడం నా పని.”

“ఆ సంఘంలో మీరూ ఉండారు గదా.”

“అక్కడ నేను సభ్యురాలిని. ఇక్కడ అధికారిని. అక్కడి సంగతులు ఇక్కడ నాకు తెలియవు.” పుస్తకంలో పదకొండుసార్లు ‘లేదు’ అని రాసుకుంది. “ముప్పై ఒకటో తేదీ సాయంత్రం తాళాలు అప్పగించండి. మీమీద నాకేం కోపం లేదు.”

“అది తెలుసులేమ్మా. కోపం ఉంటే కాళ్లయినా పట్టుకుందుం.”

ఆమె వెళ్లాక ఖాదర్ బాషా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎప్పుడూ గలగలలాడేవాడు గొంతు తగ్గించాడు.

“శెట్టిగారూ, మా నాయన ఇదే కొట్లో కూర్చొని కళ్లు పోగొట్టుకున్నాడు. నేనూ సగం పోగొట్టుకున్నా. ఇప్పుడు యాడికి పొమ్మంటారు? ఏదన్నా చేయండి. మీరు చైనా నిపుణులు గదా.”

“ఎగతాళా బాషా?”

“ఏడుపు శెట్టిగారూ. ఎగతాళిలాగా వినపడతాంది అంతే.”

చెంచురామయ్య ఉత్తర్వు తెచ్చుకుని కౌంటరు మీద పరిచాడు. సరుకు ఒప్పందాలు చదివినట్టు చదివాడు. అంటే, రాసిందేమిటని కాకుండా రాయనిదేమిటని చదివాడు. ఏడు నిబంధనలున్నాయి. బోర్డు కొలత ఉంది, రేకు మందం ఉంది, మేకుల సంఖ్య ఉంది. నాలుగో నిబంధన ఇలా ఉంది: “బోర్డును దుకాణపు ముఖభాగమున, షట్టరుకు పైన, స్థిరముగా అమర్చవలెను.” దాన్ని వేలితో నాలుగుసార్లు తడిమాడు. అక్షరాలున్న పక్క బయటికి తిరిగి ఉండాలని ఎక్కడా లేదు.

“బాషా, మన వరస బోర్డుల్ని లోపలికి తిప్పి కొడితే అవి ఏ దిక్కు చూస్తాయి?”

బాషా భూతద్దం తీసి, ముందు బజారుకేసీ తర్వాత కొట్లోకీ చూశాడు. “ఉత్తరం గదా.”

“ఉత్తర ముఖం అక్షరాలకు ఆమోదం ఉంది.”

“ఉంది. అయితే బజార్లో పోయేవాడికి ఏం కనబడతాది?”

“రేకు.”

వారంలో పదకొండు బోర్డులూ ఎక్కాయి. దుకాణంలో కూర్చున్నవాడికి షట్టరు పైనున్న జాలీలోంచి తన పేరు తనకే ముద్దుగా, వెదురాకులతో కనిపించేది. బయటి నుంచి చూస్తే తెల్లటి నున్నటి రేకు, ఎనిమిది మేకులు. బేరాలు మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. గుమ్మళ్లపేటలో బోర్డు చదివి కొట్లోకి వచ్చినవాడు ఏనాడూ లేడు.

సుధారాణి సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చింది. లోపల నిలబడి, పైకి చూసి, దిక్సూచి పెట్టి, ఉత్తర ముఖ లిపి, నైరుతిలో తలకట్టు, నిబంధనలకు అనుగుణం అని రాసింది. బయటికొచ్చి ఆగింది.

“మరి బయటి నుంచి చూసేవారికి కనిపించే రూపం?”

“అది దక్షిణ ముఖం మేడమ్,” అన్నాడు చెంచురామయ్య. “దాంట్లో తలకట్టు లేదు, ఈశాన్యంలో బరువు లేదు, సెల్లారు లేదు, వీధిపోటు లేదు. కావాలంటే సిద్ధాంతిగార్ని చూడమనండి.”

ఆదిశేషయ్య గారు రేకు కింద చాలాసేపు నిలబడ్డారు. ఈశాన్యం చూశారు, నైరుతి చూశారు, బ్రహ్మస్థానం చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారు.

“నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఇంత నిర్దోషమైన అక్షరాన్ని ఇంతవరకు చూడలేదు,” అన్నారు.

ఆ మాట ఫైలుకెక్కింది. నాలుగు దిక్కులకూ నాలుగు రూపాలు సిద్ధమైనట్టు పైకి నివేదిక పంపాల్సిన తొందరలో ఉన్న కమిషనర్, దక్షిణ ముఖ లిపిని ‘పరిశీలనలో ఉంది’ నుంచి ‘ఆమోదించబడింది’లోకి మార్చాడు. రూపకర్తగా హిమజ పేరే వేయమన్నాడు.

మార్చి ఇరవైన ప్రతినిధి బృందం వచ్చింది. బ్యాండు మేళం, పూలదండలు, బడిపిల్లల చేతుల్లో కాగితపు కొంగలు. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న ఒక పెద్దావిడ నాయకురాలు. హైదరాబాదు నుంచి కోటు వేసుకుని ఒక దుబాసీ వచ్చాడు. ఆవిడ కొంగల వరస చూసి తలాడించింది, లాంతర్ల వరస చూసి ఇంకాస్త వేగంగా తలాడించింది. బస్టాండు వైపు తిరిగి, పదకొండు తెల్ల రేకుల ముందు ఆగిపోయింది. వేలెత్తి ఒక్కో రేకునూ చూపిస్తూ ఏదో అడిగింది. ఆ మాటల్లో ‘మెయ్‌యో’ అనేది చెంచురామయ్య చెవిన పడింది. చైనా భాషలో ఆయనకు తెలిసిన మాటలు ఆరు. అందులో అదొకటి. టోకు బజార్లో సరుకు అయిపోయినప్పుడు అమ్మకందారులు చేతులు తిప్పి అనే మాట. అంటే లేదని.

దుబాసీ ఆవిడ వైపు చూశాడు, కమిషనర్ వైపు చూశాడు. ఎవరు పిలిపించారో గుర్తుచేసుకున్నాడు.

“ఖాళీ స్థలంలోనే కొండల మీది మంచు కనబడుతుందని తమ చిత్రకళ చెబుతుందంటున్నారు సార్. దాన్ని ఇంత ధైర్యంగా ఆచరించిన నగరాన్ని తామెక్కడా చూడలేదంటున్నారు.”

కమిషనర్ కళ్లు మళ్లీ చెమర్చాయి. చెంచురామయ్య ఒక్క క్షణం నోరు తెరవబోయి, ఆ గదిలో జరిగిన రెండు నష్టాలూ తలచుకుని మూసుకున్నాడు.

జనం వెనక హిమజ నిలబడి ఉంది. ఆహ్వానం పంపారట. చెంచురామయ్య ఆమెను దుకాణంలోకి తీసుకొచ్చి స్టూలు వేసి, పైకి చూపించాడు. ఆమె తన వెదురాకుల్ని చాలాసేపు చూసింది.

“మీ ఒక్కరికి కనిపిస్తే చాలా అంకుల్?”

“మా వరసలో పదకొండుమందికి కనిపిస్తాది తల్లీ. బేరం లేనప్పుడల్లా చూస్తుంటాం.”

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. “నా పేరు తీసేయమని కమిషనర్ గారిని అడిగాను. ‘ఎందుకమ్మా, మీ పేరు దక్షిణ ముఖ లిపిలో చెక్కిస్తాం’ అన్నారు,” అంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. పద్నాలుగు నెలల పని. దాన్ని ఏ అరలో సర్దాలో చెంచురామయ్యకు తోచలేదు.

ఇరవై రెండున కొత్త ఉత్తర్వు వచ్చింది. “అంతర్జాతీయ ప్రశంసలందుకొనిన దక్షిణ ముఖ లిపి మన కళాదృష్టికి పరాకాష్ఠ అయినందున, ఇకపై దక్షిణ ముఖ దుకాణదారులకు జారీ చేయు సమస్త ఉత్తర్వులు, లీజు పత్రములతో సహా, సదరు లిపిలోనే ఉండవలెను.”

ముప్పయ్యో తేదీ ఉదయం మున్సిపల్ అటెండరు సైకిల్ మీద పదకొండు కవర్లు తెచ్చాడు. చెంచురామయ్య అందినట్టు సంతకం పెట్టి కవరు చించాడు. మందపాటి మంచి కాగితం. అడుగున కమిషనర్ సంతకం, ఆకుపచ్చ సిరా. పక్కన పురపాలక సంఘం గుండ్రటి ముద్ర. పైన ఏమీ లేదు. వెనక్కి తిప్పాడు. అక్కడా ఏమీ లేదు.

“ఏముందయ్యా ఇందులో? పొడిగించినట్టా, రద్దు చేసినట్టా?”

“నాకేం తెలుసు శెట్టిగారూ? నేను తూర్పు ముఖం సెక్షన్లో చేస్తుండా,” అని అటెండరు సైకిలెక్కాడు.

చెంచురామయ్య నేరుగా ఆఫీసుకు పోయాడు. సుధారాణి భోజనానికి లేవబోతోంది.

“మేడమ్, మా ఉత్తర్వులో ఏముందో ఒక ముక్క చెప్పండి.”

“ఉత్తర్వులో ఏముందన్నది ఉత్తర్వులోనే ఉంటుంది. నోటిమాటగా చెప్పే అధికారం నాకు లేదు.”

“అట్టయితే ఆఫీసు కాపీ ఒకసారి చూపించండి.”

ఆమె విసుగ్గా బీరువా తెరిచి ఫైలు తీసింది. ఏడో నంబరు దుకాణం కాపీ బయటికొచ్చింది. అదే కాగితం, అదే సంతకం, అదే ముద్ర. పైన అదే తెలుపు.

“రెండూ ఒకే లిపిలో ఉండాలని ఉత్తర్వు,” అంది. “మీ దాంట్లో ఏముందో మా దాంట్లోనూ అదే ఉంటుంది. తేడా రాదు.”

“రాదు గదా?”

“ఎలా వస్తుంది? దక్షిణ ముఖ లిపిలో ఏముందన్న ప్రశ్న వస్తే, ఉత్తర్వు అందుకున్నవారి ప్రతినే ప్రామాణికంగా తీసుకోమని కమిషనర్ గారి ఆదేశం. మాకు ఎటూ చదవడం రాదు.”

“అది కాగితం మీద ఉందా మేడమ్?”

“మామూలు తెలుగులోనే ఉంది.” ఒక నకలు ఇచ్చి పంపింది.

తిరిగి నడుస్తూ చెంచురామయ్య మొత్తం లెక్క మొదటి నుంచి వేసుకున్నాడు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదన్నది వాళ్ల నాయన నేర్పిన మొదటి పాఠం. పుచ్చుకోకూడదని మాత్రం ఆయన ఏనాడూ చెప్పలేదు. ప్రభుత్వం అంతటిది పదకొండు ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టి, మనిషితో కొట్టుకు పంపించింది. అందులో ఏముంటే అదే నిజమని ఇంకో కాగితం మీద రాసిచ్చింది. ఇరవై ఏడేళ్ల వ్యాపారంలో ఇంత మంచి సరుకు ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు.

దుకాణం ముందు పదిమందీ కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహాలు వాడిపోయి ఉన్నాయి. ఒకరు కాగితాన్ని ఎండకెత్తి చూస్తున్నారు. ఒకరు దీపం సెగ చూపిస్తే అక్షరాలు తేలతాయేమో అంటున్నారు. ఖాదర్ బాషా అందర్నీ తోసుకుని ముందుకొచ్చాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది. పొద్దుట్నుంచీ దాంతోనే కాగితమంతా వెతికినట్టున్నాడు.

“శెట్టిగారూ, మీ కాళ్లకు మొక్కుతా, నాదాంట్లో ఏముందో చదవండి. రేపు తాళాలు ఇచ్చేయమని ఉందా?”

చెంచురామయ్య కౌంటరు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. తన కాగితాన్ని ముందు సొరుగులో పెట్టి తాళం వేశాడు. బాషా కాగితం అందుకుని, ముడతలు అరచేత్తో సాపు చేసి, అట్ట మీద పెట్టి, జేబులో పెన్ను తీసి మూత తిప్పాడు.

“చదువుతాలే గానీ, ముందు నువ్వు చెప్పు బాషా. నీకు ఎన్నేళ్లు కావాల?”